ఇంగ్లీషు మీడియం వచ్చింది సరే, పిల్లల నోట మాట ఎప్పుడొస్తుంది?

నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో మూడు భాషల మధ్య పెరుగుతున్న పిల్లలకు అసలు కావాల్సింది ఏమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మీడియం మీద గొడవ 2019 నుంచి నడుస్తూనే ఉంది. ఆ ఏడాది నవంబర్ 5న జీవో 81, నవంబర్ 20న జీవో 85 వచ్చాయి. ప్రభుత్వ బడుల్లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియమే ఉంటుందని, తెలుగు లేదా ఉర్దూ తప్పనిసరి సబ్జెక్టుగా కొనసాగుతుందని వాటి సారాంశం. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలు బడులకు చేరాయి. 2023 జూన్‌లో టోఫెల్ పరీక్షల కోసం అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం జరిగింది. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ ఆగిపోయింది.

ఇన్నేళ్ల చర్చంతా మూడు విషయాల చుట్టూనే తిరిగింది: ఏ మీడియం, ఏ పుస్తకం, ఏ పరీక్ష. నాలుగో ప్రశ్న పెద్దగా ఎవరూ అడగలేదు. రోజుకు ఆరేడు గంటలు బడిలో కూర్చునే పిల్లవాడు, అందులో ఎన్ని నిమిషాలు తన నోటితో ఒక విషయాన్ని ఇంగ్లీషులో వివరించి చెప్తున్నాడు? చాలా తరగతి గదుల్లో దీనికి జవాబు సున్నాకు దగ్గరగా ఉంటుంది. మీడియం మారినా, పుస్తకం మారినా, పరీక్ష మారినా ఫలితం ఎందుకు అంతంత మాత్రంగా ఉందో వెతకాల్సింది ఇక్కడే.

రెండు రకాల ఇంగ్లీషు

ఆళ్లగడ్డలో ఒక తల్లి తన కూతురు ఇంగ్లీషులో "మే ఐ గో టు వాష్‌రూమ్, మేడం" అనడం విని సంతోషపడుతుంది. తప్పు లేదు, సంతోషపడాల్సిందే. కానీ అదే పాప ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తెరిచి, నీళ్లు ఆవిరి కావడానికి, గాలిలో తేమకు సంబంధమేమిటో ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పమంటే ఆగిపోతుంది. గైడులో ఉన్న జవాబు బట్టీ పట్టి ఉంటే చెప్తుంది. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే మళ్లీ మౌనమే.

కెనడా విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ 1979లోనే ఈ తేడాకు పేర్లు పెట్టారు. రోజువారీ మాటల్లో వాడే భాష ఒకటి, చదువులో వాడే భాష మరొకటి. మొదటిదానికి చుట్టూ ఉన్న మనుషులు, వస్తువులు, సైగలు సాయం చేస్తాయి. రెండోదానికి ఆ ఆసరా ఉండదు. కారణం చెప్పాలి, పోల్చాలి, నిరూపించాలి, విభేదించాలి, అన్నీ మాటలతోనే చేయాలి. కెనడాకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలను పరిశీలించి ఆయన చెప్పింది ఏమిటంటే, మాట్లాడే ఇంగ్లీషు సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది, చదువు ఇంగ్లీషులో తోటి పిల్లలతో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ పిల్లలకు బడి బయట కూడా ఇంగ్లీషే వినిపించేది. నంద్యాల పిల్లలకు బడి గేటు దాటితే ఇంగ్లీషు వినపడదు. సెల్‌ఫోన్‌లో కనిపించినా అది వినడమే తప్ప మాట్లాడటం కాదు. అంటే ఇక్కడి పిల్లలకు తరగతి గది ఒక్కటే దిక్కు. ఆ గదిలో కూడా మాట్లాడే అవకాశం రాకపోతే ఐదేళ్లు కాదు, పదేళ్లయినా చదువు ఇంగ్లీషు రాదు.

ఈ సమస్య ఒక్క జిల్లాది కాదు. 2023 అసర్ నివేదిక దేశంలోని గ్రామీణ ప్రాంతాల 14 నుంచి 18 ఏళ్ల వారిని పరీక్షిస్తే, ఇంగ్లీషులో చిన్న వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతమే. చదవగలిగినవారిలోనూ దాదాపు నాలుగో వంతు మంది వాటి అర్థం చెప్పలేకపోయారు. ఆ పరీక్షలో అడిగినవి చాలా చిన్న వాక్యాలు. సైన్సు, సోషల్ పాఠం వాటికన్నా ఎంతో కష్టం.

ఇంట్లో దఖ్నీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది చిన్నప్పటి నుంచే రెండు భాషలు మాట్లాడతారు. అమ్మీతో దఖ్నీ, పక్కింటి అక్కతో తెలుగు. కొందరు ఉర్దూ మీడియంలో మొదలుపెట్టి తర్వాత మారతారు, కొందరు నేరుగా ఇంగ్లీషు మీడియంలో చేరతారు, కొందరు సాయంత్రం మదర్సాలో అరబీ కూడా చదువుతారు. బయటివాళ్లకు ఇది భారంగా కనిపిస్తుంది. సరిగ్గా వాడుకుంటే ఇదే బలం.

ఒక చిన్న మాట తీసుకుందాం. తెలుగులో "ఎందుకంటే" అంటాం. అంటే "ఎందుకు అని అంటే". దఖ్నీలో "కైకు బోలేతో" అంటారు. దానిదీ అదే నిర్మాణం, ఎందుకు అని చెప్తే. ఈ నేల మీద రెండు భాషలు వందల ఏళ్లు పక్కపక్కనే బతికి ఒకదాని నడక ఒకటి నేర్చుకున్నాయి. కారణం చెప్పడం అనే పని ఈ పిల్లలకు రెండు భాషల్లో ఇప్పటికే వచ్చు. దాన్ని "బికాజ్" దాకా తీసుకెళ్లడమే బడి చేయాల్సింది. కొత్త ఆలోచన నేర్పక్కర్లేదు, ఉన్న ఆలోచనకు కొత్త మాట అందిస్తే చాలు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. "మాతృభాషలో పెడితే అన్నీ అర్థమైపోతాయి" అనేది కూడా సగం నిజమే. తెలుగు పుస్తకంలో "బాష్పీభవనం", "కిరణజన్య సంయోగక్రియ" అని ఉంటుంది. ఉర్దూ పుస్తకంలో "తబ్ఖీర్", "జియాయీ తాలీఫ్" అని ఉంటుంది. ఇవి ఏ ఇంట్లో మాట్లాడే మాటలు? తెలుగింటి పిల్లవాడికి బాష్పీభవనం ఎంత కొత్తో, దఖ్నీ ఇంటి పిల్లకు తబ్ఖీర్ అంతే కొత్త. చదువు భాష ఏ భాషలోనైనా నేర్చుకోవాల్సిందే, దాన్ని పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకోరు. తేడా ఎక్కడంటే, "తడిబట్ట ఎండకు ఎందుకు ఆరింది" అన్న మాట మొదట తన భాషలో అనుకున్న పిల్లకు ఏ భాషలోని పెద్ద మాటనైనా తగిలించుకోవడానికి ఒక కొక్కెం దొరుకుతుంది. అలా అనుకోని పిల్లకు మూడు భాషల మాటలూ గాలిలోనే ఉంటాయి.

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయం కల్పించాలని చెప్తుంది. 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చే చట్టం వచ్చింది. మరోవైపు 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు, ఏ మీడియంలో చదివించాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని తేల్చింది. పేద ముస్లిం, దళిత, బీసీ కుటుంబాలు ఇంగ్లీషు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. మంచి ఉద్యోగాల తలుపు ఆ భాషలోనే తెరుచుకుంటోందని వాళ్లకు తెలుసు. కాబట్టి మీడియం మీద తీర్పు చెప్పడం ఈ చర్చ పని కాదు. ఎంచుకున్న మీడియం పిల్లలకు నిజంగా అందుతోందా అన్నదే ప్రశ్న.

తరగతిలో మాట ఎవరిది?

మామూలుగా తరగతిలో జరిగేది ఇలా ఉంటుంది. సార్ అడుగుతారు, "వాట్ ఈజ్ ఎవాపరేషన్?" ముందు బెంచీ పిల్లవాడు ఒక వాక్యం అప్పజెప్తాడు. సార్ "గుడ్, సిట్" అంటారు. తర్వాతి ప్రశ్న. లేదంటే అందరూ కలిసి రాగం తీసి చెప్తారు. 1975లో బ్రిటన్‌లో సింక్లెయిర్, కౌల్ట్‌హార్డ్ అనే పరిశోధకులు తరగతి మాటలను రికార్డు చేసి చూస్తే సరిగ్గా ఇదే కనిపించింది. టీచర్ ప్రశ్న, పిల్లల జవాబు, టీచర్ తీర్పు. మూడు అడుగుల్లో రెండు టీచర్‌వే. మిగిలిన ఒక్క అడుగు నలభై మంది పంచుకోవాలి.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త ఇంకా చిన్న విషయం కొలిచారు. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతారు? సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేశారు. అవి ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న పిల్లల తరగతులు. దఖ్నీలో అనుకుని, తెలుగులో సరిచూసుకుని, ఇంగ్లీషులో చెప్పాల్సిన పిల్లకు ఒక్క సెకను ఏం సరిపోతుంది? ఆ పాపకు రాదని అనుకుంటాం. నిజానికి ఆమెకు టైం ఇవ్వలేదు.

విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ పిల్లలకు భయం లేకుండా చేయాలని, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పేలా సాయపడాలని రాసింది. అంటే పిల్లలు మాట్లాడటం అల్లరి కాదు, చట్టం చెప్పిన చదువులో భాగం.

మాట్లాడించడం అంటే ఏమిటి?

పిల్లలను "మాట్లాడుకోండి" అని వదిలేస్తే సినిమాలు, క్రికెట్ మాట్లాడుకుంటారు. చదువుకు పనికొచ్చే సంభాషణకు పద్ధతి ఉంది. జెఫ్ జ్వియర్స్, మేరీ క్రాఫోర్డ్ అనే అమెరికన్ విద్యావేత్తలు 2011లో రాసిన పుస్తకంలో దీన్ని కొన్ని చిన్న నైపుణ్యాలుగా విడగొట్టారు. చెప్పినదాన్ని విడమరచడం, ఉదాహరణతో బలపరచడం, అవతలివాళ్ల మాట మీద కట్టడం లేదా దాన్ని ప్రశ్నించడం, విన్నది తన మాటల్లో చెప్పడం, చివరికి ఇద్దరి మాటలూ కలిపి ఒక నిర్ణయానికి రావడం. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసేదీ ఇదే. అది పిల్లలకు ఇంగ్లీషులో నేర్పాలి, అంతే.

నంద్యాలకు తగ్గట్టు ఒక ఉదాహరణ. వానాకాలం వస్తే కుందూ నది, మద్దిలేరు, చామకాలువ పొంగితే పట్టణంలోకి నీళ్లు వస్తాయన్నది పిల్లలందరికీ తెలుసు. సోషల్ తరగతిలో టీచర్ బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తారు: నంద్యాలలోకి వరద ఎందుకు వస్తుంది, వాన వల్లనా, మనుషుల వల్లనా? ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించాలి, ఏ భాషలోనైనా సరే. తర్వాత రెండు నిమిషాలు పక్కవాళ్లతో దఖ్నీలోనో తెలుగులోనో మాట్లాడుకోవచ్చు. ఆ తర్వాత అదే మాటను ఇంగ్లీషులో చెప్పాలి. బోర్డు మీద మూడు ఆసరా వాక్యాలు ఉంటాయి: "ఐ థింక్ ... బికాజ్ ...", "ఫర్ ఎగ్జాంపుల్ ...", "ఐ అగ్రీ, బట్ ...".

మొదటి పిల్ల "ఐ థింక్ రెయిన్, బికాజ్ టూ మచ్ వాటర్" అంటుంది. తప్పులున్నాయి, ఫరవాలేదు. పక్కపిల్లవాడు "ఐ అగ్రీ, బట్ పీపుల్ బిల్డ్ హౌసెస్ నియర్ రివర్" అంటాడు. టీచర్ అక్కడ ఆగి, ఆ మాటకే చదువు బట్ట కడతారు: "యూ మీన్, కన్‌స్ట్రక్షన్ ఆన్ ద రివర్ బ్యాంక్ బ్లాక్స్ ద ఫ్లో ఆఫ్ వాటర్." పిల్లవాడు అదే మళ్లీ చెప్తాడు. ఇప్పుడు ఆ మాటలు వాడివి. గైడులో చదివిన వాక్యం పరీక్షతో పోతుంది, వాదించి గెలుచుకున్న వాక్యం ఉండిపోతుంది.

ఆళ్లగడ్డలో అయితే ఇంకో గని ఉంది. అక్కడి రాతి శిల్పాలు రాష్ట్రం దాటి పేరు తెచ్చుకున్నాయి. రాయి ఎంచుకోవడం, గీత గీయడం, ఉలితో చెక్కడం, నునుపు చేయడం, ఇదంతా వరుస క్రమంలో జరిగే పని. "ఫస్ట్, నెక్స్ట్, ఆఫ్టర్ దట్, ఫైనల్లీ" అనే మాటలు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఏ రాయి ఎందుకు పగులుతుంది, ఏది ఎందుకు పగలదు అని అడిగితే అది సైన్సు పాఠమవుతుంది. చేతిపని చేసే ఇళ్ల పిల్లలకు ఆ రోజు తరగతిలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడూ చివరి బెంచీలో ఉండే పిల్లవాడు ఆ రోజు టీచర్‌కే పాఠం చెప్పొచ్చు.

ఇది ఒక్క ఇంగ్లీషు టీచర్ పని అనుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. బ్రిటన్‌లో 1975లో వచ్చిన బుల్లక్ కమిటీ నివేదిక, భాష నేర్పడం ప్రతి సబ్జెక్టు టీచర్ బాధ్యత అని తేల్చింది. లెక్కల్లో "ఈ పద్ధతే ఎందుకు వాడావు" అని అడగడం, సైన్సులో "అలా జరుగుతుందని నీకెలా తెలుసు" అని అడగడం, ఇవే భాషా పాఠాలు.

ఎదురొచ్చే మాటలు

"సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" ఇది టీచర్ల నుంచి వచ్చే మొదటి మాట, న్యాయమైనదే. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాత పరీక్ష. మాట్లాడినందుకు మార్కులు రావు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ పట్టిస్తే రిజల్ట్ వస్తుంది. పై అధికారి అడిగేది కూడా రిజల్టే. కాబట్టి మారాల్సింది టీచర్ ఒక్కరే కాదు, టీచర్‌ను కొలిచే కొలత కూడా. అయినా రోజుకు ఒక పీరియడ్‌లో పది నిమిషాలు కేటాయిస్తే సిలబస్ ఆగదు. నోటితో వివరించగలిగిన జవాబు రాయడం కూడా తేలికే.

"నలభై మంది పిల్లలతో గ్రూపులా? గోల అయిపోతుంది." దీనికి జవాబు దక్షిణ భారతంలోనే ఉంది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో మామూలు బడుల్లో, పెద్ద తరగతుల్లో, గ్రూపుల మీద ఆధారపడకుండానే పని జరిగింది. రైలు టైంటేబుల్, మ్యాప్ లాంటివి ముందుపెట్టి, టీచర్ తరగతి మొత్తంతో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఒక చిక్కు విప్పించేవారు. పిల్లల దృష్టి వ్యాకరణం మీద కాక ఆ చిక్కు మీద ఉండేది. ఆ ప్రాజెక్టుకు తర్వాత ప్రపంచమంతా పేరొచ్చింది. అంటే గ్రూపులు వీలుకాని గదిలో కూడా మాటకు చోటుంది. పక్క పక్కన కూర్చున్న ఇద్దరి జంట అయితే బెంచీ కూడా కదపక్కర్లేదు.

"మాకే ఇంగ్లీషు అంతంత మాత్రం." ఈ మాట పైకి చెప్పే టీచర్లు తక్కువ, లోపల అనుకునేవాళ్లు ఎక్కువ. తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివి, అదే మీడియంలో ఏళ్ల తరబడి చెప్పినవాళ్లను ఒక్క ఉత్తర్వుతో ఇంగ్లీషులో చెప్పమనడం వాళ్లకూ కష్టమే. కొద్ది రోజుల శిక్షణతో అది తీరదు. టీచర్లు కూడా తమలో తాము ఇంగ్లీషులో పాఠం గురించి మాట్లాడుకునే అవకాశం కావాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు సర్క్యులర్లు చదివే చోటుగా కాక అలాంటి చోటుగా మారాలి.

"తప్పుడు ఇంగ్లీషు అలవాటవుతుంది." కొంత నిజముంది. పిల్లలు ఒకరి తప్పు ఒకరు నేర్చుకోవచ్చు. అందుకే చివర్లో టీచర్ మాటలన్నీ పోగుచేసి, రెండు మూడు మంచి వాక్యాలు బోర్డు మీద రాసి, పిల్లలతో నోట్‌బుక్‌లో రాయించాలి. సంభాషణ ఒక్కటే సరిపోదు. చదవడానికి కథల పుస్తకాలు కావాలి, సొంతంగా రాయడమూ కావాలి. మాట అనేది చదవడానికీ రాయడానికీ మధ్య వంతెన.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. పదిమందిలో గొంతెత్తడం మంచి పద్ధతి కాదని ఇంట్లో నేర్చుకున్న పిల్లను ఒక్కసారిగా లేపి నిలబెట్టి మాట్లాడమంటే నోరు మూసుకుంటుంది. పక్కన కూర్చున్న స్నేహితురాలితో మొదలుపెడితే మాట్లాడుతుంది. ముందు ఇద్దరు, తర్వాత నలుగురు, తర్వాత క్లాసు. ఈ మెట్లు ఎక్కించకుండా "ఈ పిల్లకు ధైర్యం లేదు" అనడం అన్యాయం.

నష్టం ఎవరికి?

చదువు భాష రాని నష్టం ఐదో తరగతిలో కనపడదు. తొమ్మిదో తరగతి సైన్సులో, ఇంటర్ మొదటి ఏడాదిలో బయటపడుతుంది. డబ్బున్న ఇళ్లు ట్యూషన్ పెట్టిస్తాయి, నంద్యాల నుంచి కర్నూలుకో హైదరాబాద్‌కో పంపుతాయి. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఏం చేస్తారు? "మా పిల్లకు చదువు ఎక్కలేదు" అనుకుంటారు. తర్వాత పెళ్లి మాటలు మొదలవుతాయి, లేదా కొడుకు మెకానిక్ షెడ్డులో చేరతాడు. ఎక్కనిది చదువు కాదు, చదువు భాష. దాన్ని అందించాల్సిన బాధ్యత బడిది.

ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులకు ఫీజు కడుతున్న తల్లిదండ్రులు కూడా నిశ్చింతగా ఉండక్కర్లేదు. టై, బూటు, డైరీ ఉంటే మాట వచ్చినట్టు కాదు. అక్కడా అప్పజెప్పడమే ఎక్కువైతే ఫలితం ఒకటే.

చేయగలిగినవి

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ సమావేశాల్లో బాత్రూములు, మధ్యాహ్న భోజనంతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు: "మా పిల్లలు క్లాసులో రోజూ ఎంతసేపు మాట్లాడుతున్నారు?" ఇంగ్లీషు రాని తల్లి కూడా అడగగల ప్రశ్న ఇది.

ఇంట్లో కూడా పని ఉంది. సాయంత్రం "హోంవర్క్ అయిందా" అని అడిగే బదులు "ఈరోజు ఏం నేర్చుకున్నావు, అది ఎందుకలా జరుగుతుంది" అని దఖ్నీలోనో తెలుగులోనో అడిగితే చాలు. కైకు అని అడిగితే "కైకు బోలేతో" అని జవాబు రావాలి. ఇంటి భాషలో కారణం చెప్పే అలవాటున్న పిల్ల బడిలో ఇంగ్లీషులోనూ చెప్తుంది. అమ్మీకి ఇంగ్లీషు రాకపోవడం దీనికి అడ్డం కాదు.

మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు నడిపే ఉచిత ట్యూషన్ కేంద్రాల్లో గైడు బట్టీకి ఇచ్చే గంటలోంచి పావుగంట తీసి ఒక ప్రశ్న మీద చర్చ పెట్టొచ్చు. ఖర్చు ఒక సుద్దముక్క.

ప్రభుత్వం చేయాల్సింది ఇంతకన్నా పెద్దది. పిల్లలు మాట్లాడినదానికి కూడా మార్కులుండేలా మూల్యాంకనం మార్చాలి. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారే పిల్లలకు మొదటి రెండు మూడేళ్లు వాళ్ల భాష తెలిసిన టీచర్ అందుబాటులో ఉండాలి. ఖాళీగా ఉన్న ఉర్దూ పోస్టులను భర్తీ చేయాలన్న డిమాండ్ ఉర్దూ కోసం మాత్రమే కాదు, ఆ పిల్లల ఇంగ్లీషు కోసం కూడా.

ప్రభుత్వాలు మారుతుంటాయి, జీవోలు వస్తుంటాయి, పోతుంటాయి. 2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పటికే ప్రాథమిక బడి దాటేశారు. వాళ్లకు పోయిన ఏళ్లు ఏ కోర్టు తీర్పూ తిరిగి ఇవ్వదు. మీడియం మీద చివరి మాట ఎవరిదైనా, రేపు ఉదయం తరగతిలో ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగడానికి ఏ టీచర్‌కూ జీవో అక్కర్లేదు.